సీసం లేని టంకం

పిల్లలూ! నెల్లూరు నుంచి చెన్నై పోయే రైలెక్కితే గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట దాటాక తడ వస్తుంది. తూర్పున పులికాట్ సరస్సు. చలికాలంలో ఫ్లెమింగో పక్షులు ఆ నీళ్లలో బారులు తీరి మేస్తూంటాయి. పడమటివైపు శ్రీసిటీ అనే కర్మాగారాల ఊరున్నది. 2015లో అక్కడి ఫాక్స్‌కాన్ కర్మాగారంలో షావోమీ ఫోన్లు తయారు కావడం మొదలయింది.

ఇటువంటి వస్తువులను ఐరోపా దేశాలకు పంపాలంటే, అవి బాగా పనిచేస్తే చాలదు. "ఇందులో విషమేమన్నా ఉన్నదా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఫోనులో విషమేమిటని నవ్వకండి!

ఇత్తడి గిన్నెలకు కళాయి పూయడం గురించి మీ అవ్వనడగండి. కళాయి అంటే తగరం. అందులో చవకని సీసం కలిపితే, చింతపండు పులుసు ఆ సీసాన్ని కొంచెం కొంచెంగా కరిగించి, తినేవారి కడుపులోకి చేరుస్తుంది. రేడియోలు, ఫోన్లలో చిన్న చిన్న భాగాలను అతికించే టంకం కూడా ఇలాంటిదే. చాలా కాలం అందులో 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉండేవి.

ఫోను మీ చేతిలో ఉన్నంతకాలం ఆ సీసం కదలదు. పాడైన ఫోనును పగులగొట్టినా, కాల్చినా, కుప్పలో పారేసినా చిక్కు వస్తుంది. సీసం దుమ్ములోనూ, పొగలోనూ, నీటిలోనూ కలుస్తుంది. అది పసిపిల్లల మెదడునే ముందుగా దెబ్బతీస్తుంది. ఇంత సీసమైతే ఫరవాలేదని చెప్పే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది.

అందుకే ఐరోపా దేశాలు 2006 జులై 1 నుంచి ఒక చట్టం అమలుచేశాయి. సీసం, పాదరసం, కాడ్మియం, ఒక రకం క్రోమియం, నిప్పంటుకోకుండా ప్లాస్టిక్కులో కలిపే రెండు రకాల మందులు, ఈ ఆరింటికీ హద్దు పెట్టాయి. 2019లో మరి నాలుగు చేరాయి. కాడ్మియం పదివేల పాళ్లలో ఒక పాలు, మిగిలినవి వెయ్యి పాళ్లలో ఒక పాలు మించరాదు. వేరే దారిలేని కొన్ని భాగాలకు మాత్రం మినహాయింపు ఉన్నది.

ఈ లెక్క ఫోనంతటికీ కలిపి వేసేది కాదు! తీగపై తొడుగు వేరు, టంకం చుక్క వేరు. ఒక్కటి తప్పినా సరుకంతా తప్పే. ఈ చట్టానికి ముందే, 2001లో, తీగల్లో కాడ్మియం ఎక్కువున్నదని నెదర్లాండ్స్‌లో సోనీ ఆట యంత్రాలు 13 లక్షలు ఆగిపోయాయి!

మరి విషాన్ని కనిపెట్టడమెలా? కంచు గిన్నె, మట్టికుండ, కొడితే వేరువేరుగా మోగుతాయి గదా! అలాగే ఎక్స్ కిరణాలు తగిలితే ప్రతి మూలకమూ తనదైన కిరణాన్ని తిరిగి పంపుతుంది. యంత్రం దాన్ని గుర్తుపట్టి "ఇది సీసం" అని చెబుతుంది. భాగాలమ్మినవారి పత్రాలను, పరీక్షల కాగితాలను తయారీదారు పదేళ్లు భద్రపరచాలి.

టంకం కూడా మారింది. తగరంలో కొద్దిగా వెండి, రాగి కలిపారు. పాతది 183 డిగ్రీల వద్ద కరిగేది, కొత్తది 217 డిగ్రీలకు గాని కరగదు. అందుచేత కొలిమి వేడి పెంచవలసివచ్చింది. మన దేశంలోనూ ఇటువంటి నియమాలు 2012 మే 1న అమలులోకి వచ్చాయి.

చట్టం కర్మాగారాన్ని కాస్తుంది. మీ ఇంటి పాత ఫోనును కాయవలసింది మీరే. దాన్ని పగులగొట్టకండి. రాగికోసం తీగలు కాల్చకండి. పాత సామాను తీసుకునే కేంద్రానికి ఇప్పించండి.