గొంతు బాగుంది సరే... జాతరలో నిలబడుతుందా?

పెళ్లి పందిట్లో సన్నాయి మేళం ముగిసింది. ఆర్కెస్ట్రా మొదలైంది. పాడేవాళ్లు ఇద్దరే. వెనక మాత్రం వయొలిన్లు, వేణువు, వీణ, డోలక్ అన్నీ మోగుతున్నాయి. ఇంతమంది ఎక్కడ కూర్చున్నారా అని స్టేజీ పక్కకు వెళ్లి చూస్తే కనిపించేది ఒక్క మనిషి, అతని ముందు బారెడు పెట్టె. మనం కీబోర్డు అంటాం. తయారుచేసే కంపెనీలు సింథసైజర్ అంటాయి.

రైతుకు ఎద్దుల జత ఎలాగో ఆర్కెస్ట్రా పార్టీకి ఈ పెట్టె అలాగ. ముహూర్తాల రోజుల్లో అది మొరాయించిందంటే తీసుకున్న అడ్వాన్సులు వెనక్కి ఇచ్చుకోవాల్సిందే. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి కొనే సరుకు కనుక, కొనేముందు నలుగురినీ అడగడం మామూలే. ఆ నలుగురూ ఇప్పుడు రెండు జట్లుగా చీలారు. నలభై ఏళ్లనాటి పాత యంత్రం దొరికితే వదలొద్దని కొందరు, కొత్తదే కొనమని కొందరు. 1980ల నాటి సినిమా పాటల మీద మళ్లీ మోజు పుట్టడం, పాత యంత్రాలు ఎక్కడెక్కడివో సెల్‌ఫోన్లలో అమ్మకానికి కనిపించడం ఈ తగాదాకు మూలం.

కరెంటే తీగ

పాత రకాన్ని అనలాగ్ అంటారు. వీణలో తీగ ఊగితే నాదం వస్తుంది. ఈ పెట్టెలో తీగకు బదులు కరెంటే ఊగుతుంది. ఊపు వేగం పెరిగితే శ్రుతి పెరుగుతుంది. ఆ నాదాన్ని ఫిల్టర్ అనే భాగం వడపోసి, కరుకుగానో మెత్తగానో చేసి పంపుతుంది. ఏ గొంతు కావాలో వాయించేవాడే మీటలు జరిపి తయారుచేసుకోవాలి.

కొత్త రకం డిజిటల్. ఇందులో చిప్ లెక్కలు కడుతుంది. సెకనుకు వేల అంకెలు కట్టి, చివర వాటిని కరెంటుగా మార్చి స్పీకరుకు ఇస్తుంది. కొన్నింటిలో అసలు వీణ, అసలు సితార్ పలికిన ధ్వనులనే రికార్డు చేసి లోపల దాచి ఉంచుతారు. మీట నొక్కితే చాలు.

పాత రకానికి ఆద్యుడు అమెరికావాడైన రాబర్ట్ మూగ్. 1964లో మొదటి నమూనా చేశాడు. మోసుకుపోవడానికి వీలైన మినీమూగ్ 1970లో వచ్చింది. దానిమీద ఎన్ని మెట్లు నొక్కినా ఒకసారికి పలికేది ఒక్క స్వరమే, మన సన్నాయిలాగ. అయితే స్వరం నుంచి స్వరానికి జారే సౌకర్యం ఉంది. గమకానికి అలవాటైన చెవికి ఇది చిన్న సంగతి కాదు. హార్మోనియంలో ఆ జారుడు లేదనే ప్రధాన ఆక్షేపణతోనే 1940లో ఆలిండియా రేడియో దాన్ని స్టూడియోల నుంచి బయటికి పంపింది. 1971 దాకా మళ్లీ రానివ్వలేదు. పద్యనాటకం వాళ్లు మాత్రం ఆ ముప్పై ఏళ్లూ హార్మోనియం లేకుండా తెర ఎత్తలేదు. అది వేరే కథ.

మినీమూగ్‌కు ఉన్న జబ్బు వేడి. పెట్టె వేడెక్కేకొద్దీ శ్రుతి జారిపోతుంది. పాట పాటకూ సరిచేసుకోవాలి. మన వేసవి ముహూర్తాల్లో, రేకుల షెడ్డు కింద ఇది ఎలా ఉంటుందో చెప్పనక్కర లేదు.

ఆ తర్వాత 1983లో జపాన్‌కు చెందిన యమహా కంపెనీ డిఎక్స్‌7 అనే డిజిటల్ పెట్టెను తెచ్చింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కనిపెట్టిన పద్ధతి మీద నడిచేది. ఒకేసారి 16 స్వరాలు. లక్షకు పైగా అమ్ముడుపోయింది. గంటలు మోగినట్టు, గాజు పలికినట్టు ఉండే దాని గొంతు ఆ దశాబ్దం పాటల్లో ఊరూరా వినిపించింది. అంటే, మనం కొత్తది అంటున్న డిజిటల్‌కు కూడా నలభై ఏళ్లు దాటాయన్నమాట.

మద్రాసు స్టూడియోల్లో తెలుగు పాటలు తయారైన రోజులవి. ‘రోజా’తో 1992లో సంగీత దర్శకుడైన ఏ.ఆర్.రెహమాన్ అంతకుముందు రమేష్ నాయుడు, రాజ్–కోటి వంటి తెలుగు సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించినవాడే.

ఒకే పేరు, రెండు పెట్టెలు

తగాదా తేల్చడానికి ఒక ఉదాహరణ చాలు. జపాన్‌కే చెందిన రోలాండ్ కంపెనీ 1984లో జూనో–106 అనే అనలాగ్ పెట్టె తెచ్చింది. అదే కంపెనీ 2022లో జూనో–ఎక్స్ అనే డిజిటల్ పెట్టె తెచ్చింది. పాతదాని గొంతును లెక్కలతో తిరిగి పలికించడమే కొత్తదాని పని. రెండింటికీ 61 మెట్లే.

పాతదాన్ని ముందు మెచ్చుకోవాలి. శ్రుతిని డిజిటల్ గడియారం అదుపులో పెట్టారు కనుక మినీమూగ్‌లాగ ఎండకు జారిపోదు. ఒకేసారి ఆరు స్వరాలు పలుకుతాయి. కోరస్ మీట నొక్కితే ఒక్క గొంతు కాస్తా భజనలో పదిమంది కలిసి ఎత్తుకున్నట్టు విచ్చుకుంటుంది. పాత మోజుగాళ్లు పడిపోయేది ఇక్కడే. పడిపోవడంలో తప్పేమీ లేదు. అన్ని మీటలూ పైనే, చేతికి అందుతూ ఉంటాయి. ఏది జరిపితే గొంతు ఎలా మారుతుందో పది రోజుల్లో బోధపడుతుంది. ఎడమచేతి దగ్గర శ్రుతిని వంచే మీట ఉంది, స్వరాలు జారే ఏర్పాటూ ఉంది.

ఇక చిక్కులు. మెట్టును మెల్లగా తాకినా, గట్టిగా కొట్టినా ఒకే మోత. లోపల ఆరు గొంతులకు ఆరు ప్రత్యేకమైన చిప్‌లు ఉన్నాయి. వాటికి పూసిన పూత ఏళ్లు గడిచేకొద్దీ చెడి చిప్‌లను తినేస్తుంది. ఒక గొంతు గరగరలాడుతుంది, లేదా మూగబోతుంది. ఆరు స్వరాల్లో ఒకటి పోతే పాట మధ్యలో పన్ను ఊడినట్టే. కంపెనీ ఆ చిప్‌ల తయారీ ఎప్పుడో మానేసింది. ఇతరులు చేసిన నకలు చిప్‌లు విదేశాల్లో దొరుకుతాయి. తెప్పించాలి, అవి వేయగల మెకానిక్ దొరకాలి.

తయారుచేసుకున్న గొంతులు 128 దాకా పెట్టెలో దాచుకోవచ్చు. వాటిని కాపాడేది లోపలున్న చిన్న బ్యాటరీ. అది అయిపోతే అన్నీ చెరిగిపోతాయి. అందుకే ఆ రోజుల్లో క్యాసెట్ టేప్‌రికార్డరుకు తగిలించి గొంతులను క్యాసెట్‌లోకి ఎక్కించుకునేవారు. ఆ రంధ్రాలు పెట్టె వెనక ఇప్పటికీ ఉంటాయి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం కరెంటు. జపాన్‌లో వాడకానికి చేసిన పెట్టె 100 వోల్టుల మీద నడుస్తుంది. మనది 230. వెనక రాసి ఉన్న వోల్టేజి చూడకుండా ప్లగ్గు పెడితే పొగ వస్తుంది. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. జాతరల్లో ఎగుడుదిగుడు జనరేటరు కరెంటుతో నడిపేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

ఇన్ని ఉన్నా, 1984లో కొత్తగా అమ్మిన ధర కన్నా ఇవాళ పాతదాని ధరే ఎక్కువ పలుకుతోంది. పేరుకు ఉన్న గిరాకీ అది.

జూనో–ఎక్స్‌లో ఈ బాధలు చాలా లేవు. మెట్టును తాకే తీరునుబట్టి మోత మారుతుంది. 106 గొంతుతోపాటు పియానో వంటి మరెన్నో గొంతులు ఉన్నాయి. స్పీకర్లు పెట్టెలోనే ఉన్నాయి. ఇంట్లో సాధనకు వేరే బాక్సు అక్కర లేదు. పాతదాని తీపి నూటికి నూరుపాళ్లూ వచ్చిందా అంటే వాదన ఉంది. నిశ్శబ్దమైన గదిలో, మంచి హెడ్‌ఫోన్‌తో వింటే ఆ వాదనకు అర్థం ఉంది. మైకుసెట్టు మోతలో, టపాకాయల మధ్య, రాత్రి పదకొండు గంటలకు స్టేజీ మీద ఆ తేడా పట్టగల చెవి అరుదు.

పాతదాని పక్షాన ఇంకొక్క మాట చెప్పాలి. దాని సర్క్యూట్ బోర్డు మీద పాడైన కెపాసిటర్‌ను పట్నంలో అనుభవం ఉన్న రేడియో మెకానిక్ గుర్తించి మార్చగలడు. కొత్తదాంట్లో చిన్న చిప్ పోయినా తరచు బోర్డే మార్చాలంటారు. వారంటీ తీరాక ఆ ఖర్చు బరువే.

పార్టీ నడుపుకొని బతికేవాడు స్టేజీకి కొత్తదే కొనడం క్షేమం. అంత ఖరీదైన జూనోయే కానక్కర లేదు. తబలా, డోలక్ దరువులతో, మన వాద్యాల గొంతులతో మన దేశం కోసం చేసిన తక్కువ ధర కీబోర్డులను యమహా, క్యాసియో, రోలాండ్ మూడూ తెచ్చాయి. పాత యంత్రం ఇంట్లో పాటలు కట్టుకునేవాడికి, రెండో వాద్యంగా పెట్టుకోగలవాడికి సరిపోతుంది. అది ఒక్కటే ఆధారంగా అడ్వాన్సు పుచ్చుకోవడం మాత్రం సాహసం.

కొనే ముందు పరీక్ష

అయినా మనసు పాత 106 మీదే ఉంటే, ఫొటోలు చూసి డబ్బు పంపవద్దు. మనిషి వెళ్లాలి. ముందు వెనకవైపు వోల్టేజి చదవాలి. స్విచ్ వేసి అరగంట వదిలేయాలి. చల్లగా ఉన్నప్పుడు దాగే జబ్బులు వేడెక్కాక బయటపడతాయి. తర్వాత ఆపి, ‘కీ ట్రాన్స్‌పోజ్’ అని రాసి ఉన్న మీటను నొక్కి పట్టుకుని మళ్లీ స్విచ్ వేస్తే పెట్టె పరీక్ష పద్ధతిలోకి వెళుతుంది. ఇక మెట్టు నొక్కినప్పుడల్లా ఆరింటిలో ఏ నంబరు గొంతు పలుకుతోందో ముందున్న చిన్న అద్దంలో కనిపిస్తుంది. ఒక్కో నంబరునూ రెండుమూడుసార్లు వినాలి. గరగర ఏ నంబరు మీద వచ్చిందో కాగితం మీద రాసుకుని, ఆ చిప్‌ల ఖరీదు, మెకానిక్ కూలీ తీసేసిన తర్వాతే బేరం మొదలుపెట్టాలి.