సార్కాయిడోసిస్: వంశమా, పరిసరమా?

సార్కాయిడోసిస్ అను వ్యాధి పేరు మనలో చాలమంది విని యుండరు. మన దేశమున దీనిని క్షయ అని పొరబడి, క్షయ మందులనే నెలల తరబడి ఇచ్చుట కద్దు. పొరబాటునకు కారణము లేకపోలేదు. రెండింటిలోను దగ్గు, జ్వరము, బరువు తగ్గుట ఉండవచ్చును. ఎక్స్-రే ఫోటోలో ఛాతీలోని లసికా గ్రంథులు ఉబ్బి కనిపించవచ్చును. సూక్ష్మదర్శినితో చూచినను తెల్ల రక్తకణములు గుంపుగూడి ఏర్పడిన కణికలే కానవచ్చును. అయితే క్షయ కణికల నడిభాగము సాధారణముగా చివికి జున్నువలె మారును; సార్కాయిడోసిస్‌లో అట్లు జరుగదు. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని 1882 లో కాక్ పండితుడు చూపెను. సార్కాయిడోసిస్‌కు అట్టి ఒకే దోషి నేటికిని పట్టుబడలేదు.

కణిక అనగా శరీరము కట్టిన చెరసాల వంటిది. తాము నాశనము చేయలేని వస్తువు లోనికి వచ్చినపుడు రక్షక కణములు దాని చుట్టును చేరి బంధించును. మరి ఈ వ్యాధిలో బందీ అయినది ఏది? కొందరిలోనే ఏల ఇట్లు జరుగును?

వంశమునకు ఇందు పాత్ర కలదనుటకు కవలలే సాక్షులు. డెన్మార్క్, ఫిన్లండ్ దేశములలోని కవలలను పరిశీలించి 2008 లో ప్రకటించిన ఫలితములను చూడుడు. ఒకే అండమునుండి పుట్టిన కవలలలో ఒకరికి ఈ వ్యాధి ఉన్నచో, రెండవవారికి వచ్చు అవకాశము సాధారణ జనులకంటె సుమారు 80 రెట్లు. వేరు వేరు అండములనుండి పుట్టినవారిలో 7 రెట్లు. 80 రెట్లు అనగానే హడలిపోనక్కరలేదు. అసలు అవకాశమే మిక్కిలి స్వల్పము గనుక, జన్యువులన్నియు ఒకటే అయినను, రెండవవారు చాలవరకు ఆరోగ్యముగనే యుందురు. అనగా వంశము ఒక్కటే చాలదు.

పరిసరముల సంగతి న్యూయార్క్ నగరమున బయటపడినది. 2001 సెప్టెంబరు 11 న ప్రపంచ వాణిజ్య కేంద్ర భవనములు కూలినపుడు అగ్నిమాపక దళమువారు ఆ ధూళిని పీల్చిరి. అంతకుముందు వారిలో ఏటా లక్షకు 15 మంది చొప్పున ఈ రోగులుండగా, తరువాతి ఏడాదిలో ఆ సంఖ్య 86 కు పెరిగెను. అయినను అదే ధూళిని పీల్చిన వేలమందిలో ఆ ఏడాది జబ్బుపడినవారు 13 మందియే.

ఈ రెండు కారణములు ఎట్లు కలియునో స్పష్టముగా చూపునది సార్కాయిడోసిస్‌కు తోబుట్టువు వంటి మరియొక వ్యాధి. అమెరికాలోని సేలం పట్టణమున ఫ్లోరసెంట్ దీపముల కర్మాగారములో పనిచేయువారికి ఊపిరితిత్తుల జబ్బు వచ్చెను. దానిని మొదట ‘సేలం సార్కాయిడ్’ అనిరి. 1946 లో హారియెట్ హార్డీ, ఇర్వింగ్ టేబర్‌షా అను వైద్యులు అట్టి 17 మందిని వర్ణించి, దీపముల లోపలి పూతలోని బెరీలియం లోహమును అనుమానించిరి. అనుమానము నిజమైనది.

కాని అదే లోహముతో పనిచేసినవారిలో అనేకులకు ఏమియు కాలేదు. ఈ ముడి 1993 లో కొంత విడినది. కణముల ఉపరితలమున హెచ్.ఎల్.ఏ. అను ప్రోటీనులు కలవు. లోన దొరికిన తునకలను పళ్ళెములో పెట్టినట్లు రక్షక కణములకు చూపుట వీని పని. అందొక ప్రోటీను గొలుసులో 69 వ స్థానమున గ్లుటామిక్ ఆమ్లము ఉన్నచో, దాని ఋణ విద్యుదావేశము ధనావేశముగల బెరీలియం అయానును పట్టియుంచుటకు తోడ్పడును. రోగులలో నూటికి 97 మందికి ఈ రూపమున్నది. లోహము సోకియు జబ్బుపడనివారిలో నూటికి 30 మందికే ఉన్నది. ఆ 30 మందిని మరువరాదు. జన్యువు, లోహము రెండును ఉండియు వారు రోగులు కాలేదు!

సార్కాయిడోసిస్‌లోను హెచ్.ఎల్.ఏ. జన్యువులలోని భేదములకు సంబంధము కనబడినది. పళ్ళెము కొంత తెలిసినది గాని, అందులోని వస్తువే తెలియదు. అది అందరిలోను ఒకటే కాకపోవచ్చును. అందుచేత వైద్యుడు రోగి చేసిన వృత్తులన్నిటిని అడుగవలెను. బెరీలియం అనుమానమున్నచో, రోగి తెల్ల రక్తకణములను గాజు పాత్రలో బెరీలియం లవణముతో కలిపి చూతురు. అవి వృద్ధిపొందినచో, సార్కాయిడోసిస్ అని పేరుపెట్టిన ఆ జబ్బుకు బెరీలియమే మూలమై యుండవచ్చును.