గ్యారంటీయా, వారంటీయా?

తెనాలిలో మాది ఇన్వర్టర్ బ్యాటరీల కొట్టు. బేరం కుదిరాక వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "గ్యారంటీయా, వారంటీయా?" గ్యారంటీ అంటే కొత్తది ఇస్తారు, వారంటీ అంటే బాగుచేసి ఇస్తారు అని బజారు లెక్క. చట్టంలో ఆ తేడా లేదు. కాబట్టి నేను జవాబు చెప్పను, కార్డు తీసి చూపిస్తాను.

దాని మీద 36+24 అని ఉందనుకోండి. కొనేవాళ్లు కూడేసి ఐదేళ్లు నిశ్చింత అనుకుంటారు. మొదటి 36 నెలల్లో పోతే డబ్బు తీసుకోకుండా మార్చి ఇస్తారు. తర్వాతి 24 నెలల్లో కొత్తదాని ధరలో తగ్గింపు మాత్రమే, అదీ నెలలు గడిచేకొద్దీ కరిగిపోతుంది. మార్చి ఇచ్చిన బ్యాటరీకి చాలా కంపెనీలు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టవు, పాతదానికి మిగిలిన నెలలే. డిస్టిల్డ్ వాటర్ బదులు బోరు నీళ్లు పోశారా, ఇక మార్పిడి మాట మరిచిపోవాలి. కార్డు మీద తేదీ, సీరియల్ నంబరు, కొట్టు ముద్ర లేకపోయినా పేచీయే. అందుకే అవి వాళ్ల ఎదుటే రాసిస్తాను.

నిజానికి రెండూ ఒకే మాట. నార్మన్లు 'వ'తో పలికిన రూపం ఇంగ్లీషులోకి వారంటీగా వచ్చింది, మిగతా ఫ్రాన్సులో 'గ'తో పలికినది గ్యారంటీ అయింది. వార్డెన్, గార్డియన్ కూడా అంతే. మన చట్టాలే ఈ అన్నదమ్ములకు వేరు కాపురాలు పెట్టాయి.

వారంటీ 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో ఉంది. అమ్మకంలో అసలు షరతు కాకుండా దానికి తోడుగా ఇచ్చే మాట అది. తప్పితే నష్టపరిహారం అడగొచ్చు గానీ, ఆ ఒక్క కారణంతో సరుకు తిప్పి పంపలేం. అలాగని "అమ్మిన సరుకు వాపసు తీసుకోము" అని బిల్లు మీద అచ్చేసుకుంటే చెల్లదు. (ఈ మాట అంటే మా బజారువాళ్లకు కోపం.) బిల్లులో గడువు రాయకపోతే, లోపమున్న సరుకును 30 రోజుల్లోగా వాపసు తీసుకోననడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపారమే. అలా అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయొచ్చు.

గ్యారంటీ సంగతి వేరు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం దానికి ముగ్గురు కావాలి: అప్పిచ్చినవాడు, తీసుకున్నవాడు, వాడు కట్టకపోతే నేను కడతానన్నవాడు. అంటే మన జామీను. కార్డులో నాలుగు నెలలు తగ్గినా నాతో గొడవపడే మనిషి, బావమరిది ట్రాక్టరు లోను కాగితం మీద మాత్రం చదవకుండా సంతకం పెట్టేస్తాడు. 128వ సెక్షన్ ప్రకారం అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో జామీనుదారుడిదీ అంతే. బావమరిది మీద ముందు దావా వేసి తీరాలన్న నిబంధన బ్యాంకుకు లేదు.