రాయబార భవనములు – ప్రకృతి మర్యాద

పరదేశమున ఒక దేశము తరఫున నిలిచి మాటలాడునది రాయబార కార్యాలయము. ఆ భవనము ఆతిథ్యమిచ్చిన దేశపు నేలను, నీటిని, విద్యుత్తును వాడుకొనును. కావున దానిని ప్రకృతికి భారము కాకుండ తీర్చుట అతిథి మర్యాదలో భాగమని మేము తలంచుచున్నాము.

ఢిల్లీ చాణక్యపురిలోని అమెరికా రాయబార కార్యాలయము ఈ విషయమున మంచి పాఠము. ఎడ్వర్డ్ డ్యూరెల్ స్టోన్ అను వాస్తుశిల్పి రూపొందించిన ఈ భవనము 1959లో ప్రారంభమైనది. అద్దపు గోడలకు ముందు కాంక్రీటుతో పోతపోసిన జాలీలను నిలిపిరి. ఎండతాకిడి మొదట జాలీ భరించును. అద్దమునకు నీడ, గదికి మెత్తని వెలుగు లభించును. పైకప్పు రెండు పొరలు. నడుమ గాలియాడు ఖాళీ. పై పొర కాగినను ఆ వేడి నేరుగా గదులలోనికి దిగదు. నడిమి ముంగిట నీటితోట. పొడి వేసవిలో నీరు ఆవిరియగుచు చుట్టుగాలి వేడిని గ్రహించును. వానకాలపు తేమగాలిలో మాత్రము ఈ ఉపాయము అంతగా సాగదు. అందుచే శీతలయంత్రములు అక్కడను అవసరమైనవి. జాలీ యంత్రమును తొలగించదు; దాని పనిని తగ్గించును.

దీనినిబట్టి ఏ కార్యాలయమునకైనను ఒక క్రమము ఏర్పడుచున్నది. మొదట ఎండను గోడ వెలుపలనే ఆపవలెను. పిదప చల్లదనము జారిపోవు సందులను మూసి, తక్కువ విద్యుత్తుతో నడచు దీపములను, యంత్రములను అమర్చవలెను. ఆ తరువాతనే మిద్దెపై సౌరఫలకములు. ఈ క్రమము తలక్రిందులైనచో చిల్లికుండలో నీరు పోసినట్లగును.

జాలీ మనకు క్రొత్త కాదు. హైదరాబాదులోని పైగా సమాధుల జాలీపనిని చూచినవారెవరును దానిని పరదేశపు కానుక యనరు.

కోఠీ రెసిడెన్సీ మరియొక పాఠము. నిజాము దర్బారున ఈస్టిండియా కంపెనీ ప్రతినిధియైన కర్క్‌పాట్రిక్ కాలమున, పంతొమ్మిదవ శతాబ్ది తొలి సంవత్సరములలో అది నిర్మితమైనది. 1949లో మహిళా కళాశాల అందు నెలకొన్నది. రాయబారము ముగిసినను కట్టడపు ప్రయోజనము ముగియలేదు. ఉన్న భవనమును కూల్చి క్రొత్తది కట్టినచో ఇటుక, ఇనుము, సిమెంటు, వాటిని కాల్చి కరిగించిన ఇంధనము మరల వ్యయమగును. బాగుచేసి వాడుకొనుటయే పెద్ద పొదుపు.

కళాశాల సంఘమువారికి మా మనవి యొక్కటే. క్రొత్త తరగతిగదుల పటము చేతికి వచ్చినప్పుడు, పంకాలెన్ని కావలెనని లెక్కించుటకు ముందు పడమటియెండ ఏ గోడను తాకునో అడుగుదురుగాక. ఆ ప్రశ్నకు ఖర్చు లేదు. అడుగకపోయినచో ఖర్చు ఏటేట తప్పదు.