సెల్లులో పంపితే సరే.. పేదకు చేరితేనే జకాత్‌

రంజాన్‌ వచ్చిందంటే మదర్సాల వాళ్లు రసీదు పుస్తకాలు పట్టుకొని ఇల్లిల్లూ తిరగడం బళ్లారి, రాయచూరు, హోసూరు వాసులకు తెలిసిందే. ఇప్పుడు ఆ పుస్తకంతో పాటు క్యూఆర్‌ కోడ్‌ అట్ట కూడా వస్తోంది. 2016లో యూపీఐ మొదలయ్యాక బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు కూడా సొంతూరికి నిమిషంలో జకాత్‌ పంపేయొచ్చు. మరి ఆ సొమ్ము చేరాల్సిన చేతికి చేరుతోందా?

లెక్క ఇలా..
87.48 గ్రాముల బంగారం లేదా 612.36 గ్రాముల వెండి విలువను నిసాబ్‌ అంటారు. అంతకు తగ్గని సంపద ఉండి చాంద్రమాన ఏడాది గడిస్తే నూటికి రెండున్నర రూపాయలు జకాత్‌ ఇవ్వాలి. ఒక దుకాణదారుకు రూ.3 లక్షల బంగారం, రూ.2 లక్షల సరుకు, బ్యాంకులో రూ.50 వేలు ఉన్నాయనుకుందాం. తీర్చాల్సిన అప్పు రూ.1.5 లక్షలు పోతే మిగిలేది రూ.4 లక్షలు. జకాత్‌ రూ.10 వేలు. ఈ లెక్క ఫోన్‌లోని ఆప్‌లు ఇట్టే చేసిపెడతాయి. ఆ రోజు బంగారం, వెండి ధర మాత్రం సరిచూసుకోవాలి.

కలిపితే చిక్కే
మసీదు కరెంటు బిల్లుకిచ్చే చందా వేరు, జకాత్‌ వేరు. జకాత్‌ ఎవరికి చెందాలో ఖురాన్‌ తొమ్మిదో సూరా, 60వ ఆయత్‌ ఎనిమిది వర్గాలుగా చెప్పింది. పేదలు, అప్పులపాలైనవారు, బాటసారులు అందులో ఉన్నారు. మసీదు కట్టడానికి ఈ సొమ్ము వాడరాదని హనఫీ ఉలేమాలు చెబుతారు. అన్నీ ఒకే కోడ్‌కు వచ్చిపడితే ఏది ఏదో తేలదు. అందుకే కమిటీలు జకాత్‌కు వేరే ఖాతా పెట్టుకోవడం మేలు. పంపేవారు కూడా నోట్‌లో ‘జకాత్‌’ అని రాస్తే సరి.

‘సక్సెస్‌’ అని వస్తే అయిపోలేదు
సంస్థ దాత తరఫున పంచిపెట్టే వకీలు మాత్రమే. పేదవాడి చేతికి అందాకే జకాత్‌ తీరినట్లన్నది హనఫీ మాట. ఫిత్రా అయితే ఈద్‌ నమాజుకు ముందే అందాలి. పండుగ ముందు రాత్రి పంపితే బియ్యం ఎప్పుడు కొంటారు, ఎప్పుడు పంచుతారు? ఎప్పుడు పంచేదీ ముందే అడిగి తెలుసుకోవాలి.

వీటిని మరవొద్దు
* ఎవరో ఫార్వర్డ్‌ చేసిన కోడ్‌కు పంపకండి. ఖాతా పేరు చూసుకోండి.
* డబ్బు తీసుకోవడానికి పిన్‌ అక్కర్లేదు. సాయం పేరుతో పిన్‌ అడిగితే మోసమే. ఒంటరి వృద్ధులకు ఈ మాట చెప్పండి.
* తీసుకున్నవారి ఫొటోలు గ్రూపుల్లో పెట్టొద్దు. ఎన్ని కుటుంబాలకు ఎంత ఇచ్చారో చెబితే చాలు.

పక్క వీధిలో అప్పులపాలై నోరు విప్పని ఇల్లు ఏ ఆప్‌లోనూ కనిపించదు. దాన్ని కనిపెట్టాల్సింది జమాత్‌ పెద్దలు, ఇరుగుపొరుగు వారే.