ఈల ఊదిన తరువాత చేయి చెప్పే మాట



జంషెడ్‌పూర్‌లోని సాక్చిలో ఉండేవారికి ఉక్కు కర్మాగారం గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. 1919లో జంషెడ్‌పూర్ అనే పేరు రాకముందు ఆ ఊరిని సాక్చి అనే పిలిచేవారు. ఎన్నో తెలుగు కుటుంబాలు బతుకుతెరువు కోసం అక్కడికి వెళ్ళి స్థిరపడ్డాయి. మీ తాతగారో, నాన్నగారో అటువంటి కర్మాగారంలో పనిచేసి ఉంటే ఒక ప్రశ్న అడగండి. పైన క్రేన్‌లో కూర్చున్న డ్రైవరుతో కింద నిలబడ్డ మనిషి ఎలా మాట్లాడతాడు? ఆ యంత్రాల రొదలో ఎంత గట్టిగా అరిచినా వినిపించదు. అందుకని కింది మనిషి చేత్తో మాట్లాడతాడు. చూపుడు వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే బరువును పైకి లేపమని అర్థం. అదే వేలు కిందికి చూపి తిప్పితే దించమని అర్థం.

రొద ఉన్నచోట, దూరంగా ఉన్న మనిషికి, తప్పు అర్థం రాకుండా, క్షణంలో మాట అందించాలి. బాస్కెట్‌బాల్ రెఫరీ ముందున్న సమస్య కూడా సరిగ్గా ఇదే. కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. స్కోరరు, గడియారం చూసేవారు ఒక పక్కన బల్ల దగ్గర కూర్చుంటారు. చుట్టూ ప్రేక్షకుల కేకలు. రెఫరీ చెప్పింది స్కోరరు కాగితం మీదికి ఎక్కాలి. ఒక ఆటగాడికి 5 ఫౌళ్ళు పడితే ఇక ఆ ఆటలో అతనికి చోటు లేదు. 13వ నెంబరు చేసిన ఫౌల్‌ను పొరపాటున 12వ నెంబరు ఖాతాలో రాశారనుకోండి. అప్పటికే 4 ఫౌళ్ళున్న 12వ నెంబరు ఏ తప్పూ చేయకుండా బెంచీ మీద కూర్చోవలసి వస్తుంది.

అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1891లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను రూపొందించినప్పుడు రాసిన 13 నియమాలలో చేతి సంజ్ఞల ఊసే లేదు. ఆటగాళ్ళను గమనించడానికి ఒక అంపైరు, బంతిని గమనించడానికి ఒక రెఫరీ ఉండాలని మాత్రం ఉంది. ఇప్పుడు అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫిబా నియమావళిలో సంజ్ఞలన్నీ బొమ్మలతో సహా ఉంటాయి.

మొదట ఈల. ఏదో జరిగింది, ఆట ఆపండి అని మాత్రమే ఈల చెప్పగలదు. ఏం జరిగిందో చెప్పవలసింది చేయి. ఈలతోపాటే రెఫరీ ఒక చేతిని నిటారుగా పైకెత్తుతాడు. అరచేయి తెరిచి ఉంటే గడియారం ఆపమని. అదే చేయి పిడికిలి బిగించి ఉంటే గడియారం ఆపమనే, కాని కారణం ఫౌల్. బంతి పట్టుకుని అడుగులు వేయడంవంటి నియమం తప్పిన సందర్భాలకు తెరిచిన చేయి, ఎదుటి ఆటగాడిని తోయడం, పట్టుకోవడంవంటి తప్పులకు పిడికిలి. దూరం నుంచి చూసినా ఈ రెండింటి మధ్య పొరపాటు పడడం కష్టం. సంజ్ఞల పట్టిక మొత్తంలో నాకు బాగా నచ్చిన జంట ఇదే.

ఫౌల్ అయితే రెఫరీ స్కోరరుకు స్పష్టంగా కనిపించే చోటికి వచ్చి మూడు సంగతులు చెబుతాడు. మొదట ఫౌల్ చేసిన ఆటగాడి నెంబరు. తరువాత ఫౌల్ ఏ రకమైనది. చివరికి ఎన్ని ఫ్రీ త్రోలు, లేదా బంతి ఎటు వెళ్తుంది. ఈ వరుస మారదు. తరువాత ఏం రాయాలో స్కోరరుకు ముందే తెలుసు కాబట్టి అతని కళ్ళు దానికోసమే ఎదురుచూస్తాయి.

ఫౌల్ రకం చెప్పే సంజ్ఞలు చాలావరకు చేసిన తప్పును అభినయించి చూపేవే. రెండు చేతులతో గాలిని తోస్తే నెట్టడం. ఒక చేతి మణికట్టును రెండో చేత్తో పట్టుకుంటే ఆటగాడిని పట్టుకుని ఆపడం. నడుం మీద రెండు చేతులు పెట్టుకుంటే అడ్డుకోవడం. పిడికిళ్ళు రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే బంతితో నడిచారని అర్థం. అది ఫౌల్ కాదు, నియమం తప్పడం. ఇవి ఒకసారి చూస్తే గుర్తుండిపోతాయి.

నెంబరు చెప్పడం మాత్రం అంత తేలిక కాదు. దానిని అభినయించడం ఎలా? ఇక్కడ లెక్కలు కావాలి.

మీకున్నవి పది వేళ్ళు. కుడిచేత్తో 5 వేళ్ళు చూపి, ఎడమచేత్తో 1 నుంచి 5 వరకు కలుపుతూ పోతే 10 దాకా వస్తాం. ఆ తరువాత? కుడి పిడికిలి బిగిస్తే 10 అని ఒప్పందం చేసుకున్నారు. దానికి ఎడమచేతి వేళ్ళు కలిపితే 11, 12, అలా 15 వరకు. అక్కడితో వేళ్ళు అయిపోయాయి. ఇక కింది హద్దు చూడండి. ఒకటి, రెండు, మూడు వేళ్ళకు వేరే పనులున్నాయి. పాయింట్లు, ఫ్రీ త్రోలు, మూడు సెకన్ల నియమం వాటితోనే చెప్పాలి. అందుకే 1, 2, 3 నెంబర్లు వదిలేశారని సాధారణంగా చెప్పే వివరణ. 4 నుంచి 15 వరకు లెక్కపెడితే సరిగ్గా 12 నెంబర్లు. జట్టులో ఆటగాళ్ళూ పన్నెండుగురే. అందుకే చాలాకాలం అంతర్జాతీయ పోటీలలో 4 కంటే తక్కువ, 15 కంటే ఎక్కువ నెంబర్లు కనిపించేవి కావు.

అమెరికా కళాశాలల ఆటలో ఇదే చిక్కును వేరే దారిలో విప్పారు. నెంబరులోని ఏ అంకె కూడా 5 దాటకూడదన్నారు. అప్పుడు ఒక్కో అంకెకు ఒక చేయి చాలు. 24 వేసుకోవచ్చు, 27 కుదరదు. 0, 00 కూడా కలుపుకుంటే ఆ పద్ధతిలో ఎన్ని నెంబర్లు వస్తాయో మీరే లెక్కకట్టండి. 37 రావాలి. 2023-24 ఆటల కాలం నుంచి అక్కడ ఆ నిబంధన తీసేశారు.

ఫిబా 2014లో 0, 00 లతోపాటు 1 నుంచి 99 వరకు అన్ని నెంబర్లనూ అనుమతించింది. మరి వేళ్ళు పదే కదా! మన అంకెల లెక్కలోని స్థాన విలువే ఇక్కడ ఆదుకుంది. 16 నుంచి పైన ఉన్న నెంబర్లకు రెఫరీ మొదట చేతి వెనుకభాగం స్కోరరు వైపు తిప్పి పదుల అంకె చూపుతాడు. తరువాత అరచేయి చూపుతూ ఒకట్ల అంకె చూపుతాడు. 24 అయితే వెనుకచేతితో 2, అరచేతితో 4. 62 అయితే రెండు చేతులూ వెనక్కి తిప్పి 6, తరువాత అరచేతితో 2. చేయి తిప్పకుండా ఊరకే 2, తరువాత 4 చూపితే అది 24 అనుకోవాలా, రెండూ కలిపి 6 అనుకోవాలా? ఆ సందేహాన్ని చేతి వెనుకభాగం తీరుస్తుంది. 15 వరకు పాత పద్ధతి, 16 నుంచి కొత్తది. లెక్కల మాస్టారికి ఇది అతుకుల బొంతలా కనిపిస్తుంది కాని, అలవాటైన చేతులను ఒక్కసారిగా మార్చడం కష్టం.

పట్టికలో అన్నీ ఇంత పకడ్బందీగా లేవు. టైమ్ అవుట్‌కు అరచేయి కింద చూపుడు వేలు నిలబెట్టి ఇంగ్లీషు 'టీ' ఆకారం చేస్తారు. టెక్నికల్ ఫౌల్‌కూ అదే ఆకారం, వేలికి బదులు అరచేయి నిలబెడతారు. ఒకటి జట్టు అడిగి తీసుకునే విరామం, మరొకటి ఆటగాడి లేదా కోచ్ ప్రవర్తనకు వేసే శిక్ష. ఇంత తేడా ఉన్న వాటికి ఇంత దగ్గర పోలిక ఎందుకు పెట్టారో నాకు బోధపడదు.

ఇప్పుడు మీరు 13 చూపించండి. కుడి పిడికిలి, ఎడమచేతి మూడు వేళ్ళు. అయితే అద్దం ముందు నిలబడి సాధన చేయకండి. అద్దంలో మీ కుడిచేయి మీకు కుడివైపే కనిపిస్తుంది. ఎదురుగా నిలబడ్డ మనిషికి అది ఎడమవైపు పడుతుంది. అంటే స్కోరరు ఎడమ నుంచి కుడికి చూసినప్పుడు ముందు 10, ఆ పక్కన 3 కనిపిస్తాయి, మనం కాగితం మీద అంకెలు చదివే వరుసలోనే. ఒక స్నేహితుడిని పది అడుగుల దూరంలో నిలబెట్టి, మాట్లాడకుండా నాలుగైదు నెంబర్లు చూపి, అతను ఏం రాసుకున్నాడో చూడండి.