మిల్లీమీటరు మట్టికి లెక్క

వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తాయి. వానలు ముదిరితే రెండు నదులకూ ఎర్రనీరు దిగుతుంది. ఒడిశా కొండల నుంచీ, ఇటు సీతంపేట, గుమ్మలక్ష్మీపురం గెడ్డల నుంచీ కొట్టుకొచ్చిన మట్టి అది.

ఎంత మట్టి? వంశధార మీద కాశీనగర్ దగ్గర కేంద్ర జల సంఘం నీటి నమూనాలు తీసి, వడగట్టి, ఆరబెట్టి, మిగిలిన ఒండ్రును తూచి ప్రవాహంతో గుణిస్తుంది. అయితే అది నదిదాకా వచ్చిన మట్టి లెక్కే. శాస్త్రవేత్తలు ధ్రువనారాయణ, రామ్‌బాబు 1983లో వేసిన అంచనా ప్రకారం దేశంలో ఏటా కోతపడే మట్టి 533 కోట్ల టన్నులు, హెక్టారుకు 16 టన్నుల పైమాట. అందులో సముద్రానికి చేరేది 29 శాతం, జలాశయాల్లో పూడికయ్యేది 10 శాతం. మిగతాదంతా ఒకచోట లేచి ఇంకోచోట మేట వేస్తుంది. వాలు మీద సేద్యం చేసే రైతుకు మాత్రం అదీ పోయిన మట్టే. కాబట్టి కొలత వాలు మీదే మొదలవ్వాలి.

అక్కడ కొలవడానికి చిన్న మడి కావాలి. అమెరికాలో శాస్త్రవేత్తలు విష్‌మైర్, స్మిత్ స్థిరపరిచిన ప్రామాణిక మడి పొడవు 22.13 మీటర్లు, వాలు 9 శాతం. చుట్టూ రేకులు పాతుతారు, దిగువన తొట్టి పెడతారు. వాన వెలిశాక తొట్టిలో నీటిని అడుగంటా కలియబెట్టి, సీసా నింపి, 105 డిగ్రీల వేడిలో ఆరబెట్టి తూస్తారు. కలపడంలో బద్ధకిస్తే బరువైన ఇసుక అడుగునే ఉండిపోయి లెక్క తగ్గిపోతుంది. అంత సరంజామా లేనిచోట ఇనుప చువ్వలు దిగ్గొట్టి, ఏడాది తర్వాత ఎంత బయటపడ్డాయో స్కేలుతో చూస్తారు. పశువులు తొక్కితే అదీ చెడుతుంది.

ఇంత తంటా ఎందుకంటే, ఈ నష్టం కంటికి ఆనదు. హెక్టారులో ఒక్క మిల్లీమీటరు మందం పోతే 10 ఘనమీటర్లు, దాదాపు 13 టన్నులు!

వానలు తక్కువగా, దబాటుగా పడే మెట్ట ప్రాంతాల్లో పని మరీ కష్టం. ఏడాది నష్టంలో సింహభాగం కొద్దిపాటి కుంభవృష్టుల్లోనే జరిగిపోతుంది. ఆ రాత్రి తొట్టి పొర్లిందంటే ఏడాది లెక్క గల్లంతే. ఓపిగ్గా కొలిచినచోట మాత్రం దారి కనిపించింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన కేంద్రంలో 1976 నుంచి నల్లరేగడిలో రెండు సేద్యాలను పోల్చి చూశారు. పాత పద్ధతిలో ఏటా హెక్టారుకు 6.4 టన్నులు పోతే, వెడల్పు బోదెలు తోలి వానాకాలంలోనూ పైరు పెట్టినచోట 1.5 టన్నులే పోయాయి.

ఉత్తరాంధ్ర కొండలకు ఆ అంకెలు సరిపోవు. ఇక్కడి వాన వేరు, వాలు వేరు. పోడు చేసే సవరల, జాతాపుల పొలాల్లోనూ, జీడితోటల్లోనూ విడివిడిగా మడులు కట్టాలి. జీడిచెట్టు నీడ ఎంత దట్టంగా ఉన్నా, కింద ఆకులు ఊడ్చేస్తే నేల కోతపడుతుంది. ఆకులు ఉంచిన మడి, ఊడ్చిన మడి పక్కపక్కన కట్టి, జూన్ వానలకు ముందే తొట్లు సిద్ధం చేస్తే, తేడా ఎన్ని టన్నులో తోట రైతే కళ్లారా చూసుకుంటాడు.